సూరత్‌లో రాజవ్వ చేతికి దొరికిన పని

నేను సూరత్ వెళ్తున్నానని తెలియగానే మా వీధి ఆడవాళ్లంతా తమకు కావలసిన చీరల రంగులు చెప్పడం మొదలుపెట్టారు. మా అత్తగారు మాత్రం చీరల మాట ఎత్తలేదు. రెండు మూడేళ్ల కిందట ఆ ఊళ్లో పాకిన ప్లేగు జబ్బు గురించి పేపర్లో చదివింది ఆవిడ ఇంకా మరిచిపోలేదు. ముక్కుకు కట్టుకొమ్మని నాలుగు పెద్ద చేతిరుమాళ్లు నా పెట్టెలో అడుగున దాచారు. ఆ రుమాళ్లు ఎందుకు పనికొచ్చాయో చెప్తే ఆవిడ ఇప్పటికీ నమ్మరు.

నేను చీరల కోసం వెళ్లలేదు, హంస కోసం వెళ్లాను. హంసా, నేనూ బొంబాయిలో ఒకే హాస్టల్ గదిలో ఉండి ఆక్యుపేషనల్ థెరపీ చదువుకున్నాం. చదువయ్యాక నేను సికింద్రాబాద్‌లో ఒక ఆస్పత్రిలో చేరాను, ఆమె తన ఊరు సూరత్ వెళ్లిపోయింది. దసరా ముందు ఒకరోజు ఫోన్ చేసింది.

"పద్మా, ఇక్కడ ఒక తెలుగామె ఉంది. పక్షవాతం. ఆమె నా మాట వినదు, నాకు ఆమె మాట అర్థం కాదు. వారం రోజులు సెలవు పెట్టి రా. నీకు గర్బా చూపిస్తాను, లోచో తినిపిస్తాను."

లోచో అంటే ఏమిటో తెలియకపోయినా సరేనన్నాను.

రైల్లో

నా ఎదుటి సీట్లో సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన భార్య కూర్చున్నారు. ఇరవై ఏళ్లుగా సూరత్‌లో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుతున్నారట. సీట్ల కింద బియ్యం మూటలు, చింతపండు, కారంపొడి. ఆయన నన్ను ఎగాదిగా చూసి అడిగారు.

"ఏం పని చేస్తవమ్మా?"

నా ఉద్యోగం పేరు తెలుగులో చెప్పడం ఎప్పుడూ కష్టమే. "జబ్బు చేసినవాళ్లతో, దెబ్బ తగిలినవాళ్లతో పనులు చేయిస్తానండీ" అన్నాను.

"జబ్బు చేసినోళ్లతోని పని చేయిపిస్తవా? మా సేటు గూడ గదే చేస్తడు!"

బోగీ అంతా నవ్వింది. నేనూ నవ్వి, వివరంగా చెప్పాను. డాక్టరు ప్రాణం నిలబెడతాడు. ఆ తర్వాత ఆ మనిషి తన అన్నం తాను తినాలి, బొత్తాలు తాను పెట్టుకోవాలి, తన పనికి తాను పోవాలి. అవన్నీ మళ్లీ చేసుకునేలా చేయడం మా పని. చేయి పూర్తిగా రాకపోతే ఉన్న చేత్తోనే ఎలా చేసుకోవాలో చూపిస్తాం. చేత్తోనూ కాకపోతే గిన్నెనో, చెంచానో, కుర్చీనో ఆ మనిషికి తగ్గట్టు మారుస్తాం.

"గట్ల చెప్పరాదు" అంది ఆయన భార్య. తన జొన్నరొట్టెలో సగం విరిచి, వెల్లుల్లి కారం రాసి నాకిచ్చింది. నేను పులిహోర పెట్టాను. నిమ్మకాయతో చేసిన పులిహోర ఒక పులిహోరేనా అని ఆమె, అంత కారం తింటే కడుపేం కావాలని నేను, సూరత్ వచ్చేదాకా వాదించుకున్నాం.

హంస గది

ఊరు చూసి ఆశ్చర్యపోయాను. మా అత్తగారు భయపడిన ఊరు ఇదేనా? రోడ్లు అద్దంలా ఉన్నాయి. తెల్లవారకముందే ఊడ్చేసి పోతున్నారు. మా వీధిలో చెత్తకుండీ చుట్టూ చెత్త ఉంటుంది, ఇక్కడ కుండీలోనే ఉంది!

హంస ముందుగా లోచో తినిపించింది. ఆవిరి మీద ఉడికించిన శనగపప్పు పిండి, ఢోక్లా కాబోయి మధ్యలో మనసు మార్చుకున్నట్టు ముద్దగా ఉంటుంది. పైన నూనె, సేవ్ అనే సన్న కారప్పూస, ఉల్లిపాయ ముక్కలు. పళ్లెం అయిదు రూపాయలు. ఒకటి తినగానే చేతిలోకి ఇంకొకటి వచ్చేసింది. పప్పులో బెల్లం వేసే ఊరితో నాకు పొత్తు కుదరదనుకున్నాను కానీ, లోచోతో కుదిరిపోయింది.

హంస పనిచేసే గది పెద్ద ఆస్పత్రిలో వెనకవైపు ఉంది. కొత్తవాళ్లు చూస్తే ఆస్పత్రి అనుకోరు. ఒక మూల కిరోసిన్ స్టవ్, గిన్నెలు. గోడకు తాళాలూ గొళ్లేలూ బిగించిన చెక్క. ఇంకో మూల పాడైన సాంచా ముక్క ఒకటి. దాని ముందు భగవాన్ అనే ఒరియా కార్మికుడు కూర్చుని తెగిన దారాలు ముడివేస్తున్నాడు. మగ్గంలో చేయి పడి నరాలు తెగితే డాక్టర్లు కుట్టారు. కుట్టిన వేళ్లు కదులుతాయి కానీ పట్టు లేదు. ముడి వేయడానికి మొదట మోకు, తర్వాత పురికొస, తర్వాత ఊలు, ఇప్పుడు దారం. నా ముందే ఒక ముడి పడింది. అతను ఆ దారాన్ని రెండు చేతులతో లాగి, తెగలేదని చూసుకుని, గదిలో ఉన్న అందరికీ తిప్పి చూపించాడు.

కిటికీ దగ్గర ఒకామె వత్తులు చేస్తోంది. మనసు చెదిరి నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడలేదట. మందులు ఇస్తూనే, పొద్దున్నే లేవడానికి ఆమెకు ఒక కారణం కావాలని హంస దూది చేతికిచ్చింది. ఇప్పుడు వార్డులో దేవుడి దీపానికి వత్తులు ఆమెవే. "నిన్న దూది బాగాలేదని నన్ను తిట్టింది" అంది హంస, ఏదో బహుమతి వచ్చినంత సంబరంగా.

హజీరా దారిలో

మర్నాడు హంసతోపాటు ఫ్యాక్టరీ బస్సెక్కి హజీరాలో ఉద్యోగుల టౌన్‌షిప్‌కి వెళ్లాను. వారానికోసారి అక్కడొక ఇంటికి వెళ్తుందామె. శేషగిరి గారు విజయవాడ నుంచి వచ్చిన ఇంజనీరు. ఆయన భార్య వసుంధర, ఆరేళ్ల కూతురు చిన్ని. పుట్టినప్పుడే మెదడుకు ప్రాణవాయువు అందక, చిన్ని కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి. ఏదైనా అందుకోబోతే చేయి వణికి ఇంకెటో పోతుంది. తెలివి మాత్రం చురకత్తి. నన్ను చూడగానే "నీ బొట్టు వంకర" అంది.

వసుంధర ఆ పిల్లకు మూడు పూటలా తానే తినిపిస్తుంది. హంస ఆ రోజు ఒక చెంచా తెచ్చింది. దాని కాడకు సైకిల్ హ్యాండిల్ రబ్బరు తొడిగి, లావుగా, బరువుగా చేసింది. కుర్చీలో కాళ్లు గాల్లో వేలాడకుండా పాదాల కింద పీట వేసింది. నడుము నిలబడితేనే చేయి నిలబడుతుందని మాకు మొదటి ఏడాదే నేర్పారు.

"నేను పెడుతున్నానుగా అక్కా, పసిదాన్ని ఇప్పుడు కష్టపెట్టడం ఎందుకు?" అంది వసుంధర నాతో తెలుగులో, హంసకు అర్థం కాకుండా.

"బడికి వెళ్తే టిఫిన్ డబ్బా దగ్గర నువ్వుండవు కదమ్మా" అన్నాను.

ఆమె పెరుగన్నం గిన్నె తెచ్చి చిన్ని ముందు పెట్టి, తన చేతుల్ని తానే పమిటలో చుట్టేసుకుంది, అవి ఎక్కడ ముందుకెళ్లిపోతాయో అన్నట్టు.

మొదటి చెంచా హంస చీర మీద పడింది. రెండోది నా వంకర బొట్టు మీద. చిన్ని పకపకా నవ్వింది. మూడోది ముక్కు దాకా వెళ్లి ఆగింది. తర్వాతది నోట్లోకి వెళ్లింది. సగమే. కానీ వెళ్లింది. చిన్ని నమలడం మరిచిపోయి తల్లి వైపు చూసింది. వసుంధర పమిటలోంచి చేతులు తీసి, కూతురికి తినిపించడానికి కాదు, తన కళ్లు తుడుచుకోవడానికి వాడింది. గిన్నె ఖాళీ అయ్యేసరికి గది నిండా మెతుకులే. శేషగిరి గారు ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పి, మెతుకుల మధ్య కాలు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ, "ఏమిటీ బీభత్సం?" అన్నారు.

"అమ్మాయి భోంచేసిందండీ" అంది వసుంధర.

లింబాయత్

నేను వచ్చిన అసలు పని ఇక్కడ. సూరత్‌లోని లింబాయత్ పేటలో ఒక గల్లీ అంతా తెలుగువాళ్లే. ప్రతి ఇంట్లోంచీ కరీంనగర్, వరంగల్ మాటలు వినిపిస్తాయి, వాటికి సాంచాల టకటక తాళం. పిల్లలు తెలుగులో మొదలుపెట్టి, హిందీలో పోట్లాడి, గుజరాతీలో రాజీ పడుతున్నారు.

హంస ఫోన్లో చెప్పిన తెలుగామె రాజవ్వకు యాభై దాటి ఉండవు. గోడ వైపు తిరిగి కూర్చుంది. కుడిచేయిని కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. వర్షాకాలం మొదట్లో పక్షవాతం వచ్చింది. మాట పోలేదు, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది, కుడిచేయి మాత్రం రాలేదు. హంస ఆస్పత్రికి రమ్మంది, రెండుసార్లు వచ్చి మానేసింది. ఆమె భర్త ఓదెలు పొద్దున వంట చేసి, కార్ఖానాకు పోయి, సాయంత్రం వచ్చి మళ్లీ వంట చేస్తున్నాడు.

నన్ను చూసి రాజవ్వ తల తిప్పకుండానే అడిగింది. "నువ్వు గూడ బంతి పట్కొచ్చినవా?"

"లేదక్కా."

"గా గుజరాతీ డాక్టరమ్మ రబ్బరు బంతి ఇచ్చింది. పిసుకు పిసుకు అంటది. పిసికితే ఏమొస్తది? పాలొస్తయా?"

హంస నా మోచేయి గిల్లి, ఏమందో చెప్పమంది. చెప్పాను. హంస చాలాసేపు నవ్వి, "నిజమే కదా" అంది.

"నీ తెలుగేంది గిట్లున్నది? టీవీల వార్తలు చదివినట్టు" అంది రాజవ్వ, మొదటిసారి నా వైపు తిరిగి. తెనాలి అని చెప్పాను. "ఓహో" అని జాలిపడింది.

ఓదెలు గుమ్మం దగ్గర నిలబడి మెల్లగా చెప్పాడు. "ఈ గల్లీల సద్దుల బతుకమ్మ అంటే రాజవ్వదే మేడం. నడుము దాకా పేర్చేది. ఆడోళ్లందరు ఈమె చెప్పినట్టు వినేటోళ్లు. ఈ యేడు బతుకమ్మ పేర్వనంటున్నది. తలుపు పెట్టుకొని లోపల ఉంటదంట."

"ఒంటి చేత్తోని పేర్వాల్నా? అందరు అయ్యో పాపం అనాల్నా?" అంది రాజవ్వ, మళ్లీ గోడ వైపు తిరుగుతూ.

పండగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మకు ఇంకా రెండు రోజులే ఉన్నాయి. హంసకు ఇదంతా హిందీలో చెప్పాను, ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కాలేజీలో పరీక్షకు ముందు కూడా మేము అంత తొందరగా ఒక్క మాట మీదికి రాలేదు: ఆమె చేతికి కావలసింది రబ్బరు బంతి కాదు, బతుకమ్మ.

జోల్వా గట్లు

బతుకమ్మకు గునుగు పూలు కావాలి. సూరత్ పూలబజారులో బంతులు కావలసినన్ని ఉన్నాయి, గునుగు మాత్రం ఎవరికీ తెలియదు. అది పొలాల్లో పెరిగే కలుపు, ఎవరు అమ్ముతారు? ఊరి బయట జోల్వాలో కార్ఖానాల వెనక పొలంగట్ల మీద తెల్లగా కనబడుతుందని ఓదెలు చెప్పాడు. నూలు తీసుకెళ్లే టెంపో ఒకటి మాట్లాడాడు. డ్రైవరు పక్కన హంసా, నేనూ, వెనక నూలు బస్తాల మీద ఓదెలు.

నిజంగానే గట్లన్నీ గునుగే. దిగిన పదడుగులకే నల్లరేగడి నా కుడి చెప్పును మింగేసింది. వంగి లాగితే చెప్పు రాలేదు, నేను కూర్చున్నాను, బురదలో, కొత్త చీరతో. ఓదెలు వచ్చి చేయందించి, నవ్వు ఆపుకోవడానికి ఆకాశంలోకి చూశాడు.

అప్పుడే పొలం రైతు కర్ర పట్టుకుని గట్టు మీదుగా వస్తూ అరిచాడు. "ఏ బెన్! శూ కరో ఛో?" ఏం చేస్తున్నారని. హంస గుజరాతీలో చెప్పింది: పూలు కోస్తున్నాం, దేవికి. ఆయన మేము పట్టుకున్న పూల వైపు చూసి, మా వైపు చూసి, కర్ర పక్కన పడేశాడు.

"ఈ కలుపా? దేవికా?" ఆయన గొంతులో కోపం పోయి ఆశ వచ్చింది. "మొత్తం పీకండి! ఆ పక్క చేనులో కూడా ఉంది, అదీ నాదే! చాయ్ నేను పంపిస్తాను!"

చాయ్ వచ్చింది, దాంతో శనగపిండితో చేసే గాంఠియాలు కూడా వచ్చాయి. ఏటా రమ్మని పిలిచాడు. కోసిన పూలు కట్టడానికి సంచులు సరిపోక, మా అత్తగారి రుమాళ్లు నాలుగూ విప్పి మూటలు కట్టాను.

గునుగుకు రంగులద్దాలి. మన దగ్గర బజారులో రంగు పొట్లాలు కొంటారు. ఓదెలు ప్రాసెసింగ్ మిల్లులో పనిచేసే స్నేహితుణ్ని అడిగి చీరలకు వేసే రంగే తెచ్చాడు. ఆకుపచ్చ, గులాబీ. పూలకు ఎంత బాగా అంటుకుందో మా చేతులకు అంతకన్నా బాగా అంటుకుంది.

ఓదెలు పేర్చిన వరస

సద్దుల నాడు మధ్యాహ్నం ఆ పూలన్నీ రాజవ్వ ముందు గుమ్మరించాం. ఆమె ఈసారి గోడ వైపు తిరగలేదు.

మేము మా పని మొదలుపెట్టాం. నేల మీద కూర్చుంటే ఆమె ఒక పక్కకు ఒరిగిపోతోంది. వెన్ను ఆనేలా, పాదాలు నేలకు తగిలేలా తక్కువ ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, ముందు పెట్టె బోర్లించి, దాని మీద తడిబట్ట పరిచి తాంబాళం పెట్టాం, జారకుండా. కుడి మోచేతి కింద దిండు. కుడిచేయి అంచు మీద ఉంచితే చాలు, తాంబాళాన్ని పట్టుకున్నట్టే. ఎడమచేత్తో పేర్చవచ్చు.

"గిదంత దేనికి? నేను పేర్వనన్న గద" అంది రాజవ్వ.

"సరే, నేను పేరుస్త తియ్యి" అన్నాడు ఓదెలు. ఆకులు పరిచి, గునుగు కట్టలు తీసుకుని, డబ్బాలో దారపు కండెలు సర్దినట్టు ఒక్కొక్కటే పెట్టాడు. పూల తలలు లోపలికి, కాడలు బయటికి!

రాజవ్వ ఒక కట్ట చూసి ఊరుకుంది. రెండోది చూసి పళ్లు బిగించింది. మూడోదానికి ఇక ఆగలేకపోయింది.

"ఓ మనిషీ! తలకాయలు లోపల పెడ్తరా ఎవరన్న? కాడలు లోపలికుండాలె! ఇటు తే!"

అంటూ ఆ కట్టను అందుకోబోయింది. కుడిచేత్తో.

వేళ్లు పూర్తిగా విచ్చుకోలేదు. చేయి ఊగింది. కానీ దిండు మీద నుంచి లేచి, తాంబాళం దాటి, ఓదెలు చేతిలోని పూలకు తగిలింది. పూలు చెల్లాచెదురయ్యాయి. లెమ్మని అడిగినప్పుడు లేవని చేయి, మనిషి ఇంకేదో పనిలో పడి తనను మరిచినప్పుడు లేస్తుంది. మేము పుస్తకాల్లో చదివిందే, ఎన్నోసార్లు చూసిందే. అయినా ప్రతిసారీ కొత్తే.

రాజవ్వ తన చేయిని చూసుకుంది.

"లేసింది" అంది ఓదెలుతో, చిన్నగా.

"లేసింది" అన్నాడు ఓదెలు. ఆ మనిషి తల వంచుకుని చెదిరిన పూలను ఒక్కొక్కటే ఏరుతూ ఉండిపోయాడు.

తర్వాత ఎవరూ ఆమెను బతిమాలలేదు. ఎడమచేత్తో వరస పేర్చింది, కుడిచేయిని అంచు మీద బరువుగా ఆనించింది. మధ్యమధ్య కుడి పిడికిట్లో ఒక బంతిపువ్వు ఇరికించి, తాంబాళం దాకా తెచ్చి వదిలేది. కొన్నిసార్లు వదలడానికి వేళ్లు ఒప్పుకునేవి కావు. అప్పుడు వేళ్లనే తిట్టేది. ఒకటి రెండు వరసలకే అలసిపోతుందని మేము భయపడ్డాం. సాయంత్రానికి మోకాలెత్తు బతుకమ్మ లేచింది. ఒక పక్కకు కొంచెం ఒరిగింది. ఒరిగిన వైపు గులాబీ గునుగు ఒక కట్ట ఎక్కువ పెట్టి, కళ్లు చికిలించి చూసి, "నడుస్తది" అంది.

తాపీ ఒడ్డు

గల్లీ ఆడవాళ్లంతా బతుకమ్మలెత్తుకుని టెంపోల్లో తాపీ నది ఒడ్డుకు చేరారు. అదే దారిలో గుజరాతీ అమ్మాయిలు అద్దాల లంగాలు వేసుకుని గర్బాకు పోతున్నారు. వాళ్లు మట్టికుండలో దీపం పెట్టి చుట్టూ ఆడతారు, మనవాళ్లు పూలను పెట్టి ఆడతారు. వాళ్ల ఆట పరుగు, మన ఆట నడక. చప్పట్లు మాత్రం ఒకటే.

బతుకమ్మలన్నీ మధ్యలో పెట్టారు. ఎవరో రాజవ్వకు కుర్చీ తెచ్చారు. ఆమె కుర్చీని చూసి, "గిదెవరికి? నీకా?" అని అడిగేసరికి తెచ్చినామె కుర్చీని వెనక్కి తీసుకుపోయింది.

రాజవ్వ కర్రను ఓదెలుకిచ్చి వలయంలో నిలబడింది. కుడిపక్క నేను, నడుము పట్టుకుని. పాట మొదలైంది. చప్పట్లు కొట్టాలి. ఎడమచేయి సిద్ధంగా ఉంది, కుడిచేయి రొమ్ముదాకా లేచి ఆగిపోయింది, దానికి అవతలి చేయి దూరం. రాజవ్వ మొహం ఎర్రబడింది. అప్పుడు ఎదురుగా ఉన్న చిన్న వయసు ఆడమనిషి ఒకామె, పాట ఆపకుండానే, రాజవ్వ ముందుకు వచ్చి, వెనక్కి అడుగులు వేస్తూ తన అరచేతిని ఆమె కుడి అరచేతికి తాకించింది. అడుగు, చప్పట్లు. అడుగు, చప్పట్లు. ఒక చుట్టయ్యాక ఇంకొకామె ఆ చోటికొచ్చింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పాట తనంత తానే నెమ్మదించి, రాజవ్వ అడుగుతో నడిచింది. గర్బాకు పోతున్న అమ్మాయిలు ఇద్దరు ఆగి, హంసను ఏదో అడిగి, వాళ్లూ కలిశారు. వాళ్లకు ఆ నడక మరీ నిదానం, మధ్యలో ఆగలేక ఒక గిరక తిరిగేవాళ్లు.

"గా పోరీలను జర నిమ్మలంగ ఆడమను!" అని అరిచింది రాజవ్వ. పాత గొంతట అది. గల్లీ అంతా గుర్తుపట్టి నవ్వింది.

చీకటి పడకముందే బతుకమ్మలను నీళ్లలో వదిలారు. గులాబీ రంగు కాస్త నీళ్లలోకి దిగి, ప్రవాహంతో పోయింది. సద్దులు, అంటే నైవేద్యపు అన్నాలు, పంచుకున్నారు. నువ్వుల సద్ది, పెరుగు సద్ది, చింతపండు సద్ది, రొట్టె బెల్లం కలిపిన మలీద ముద్దలు. రైల్లో నా పులిహోరను వెక్కిరించిన సిరిసిల్ల ఆమె కూడా ఆ గుంపులోనే కనిపించి, చింతపండుతో చేసింది తిని తేడా చూడమని నా చేతిలో పెట్టింది. తేడా ఉందని ఒప్పుకున్నాను.

మెట్ల మీద కూర్చుని రాజవ్వ కాళ్లు చాపుకుంది. బాగా అలిసింది. హంస ఆమె పక్కన కూర్చుని కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటే మెల్లగా విప్పుతోంది, ఆమె కాదనలేదు. కాసేపటికి రాజవ్వ నన్ను పిలిచింది.

"చెల్లే, రేపు దవఖానకు ఎన్ని గొట్టంగ రమ్మంటదో గా డాక్టరమ్మను అడుగు."

నేను హిందీలో చెప్పాను. హంస ఆనందం దాచుకోలేక లేచి నిలబడింది. "తొమ్మిది! తొమ్మిదికి రమ్మను!"

"తొమ్మిదికా?" రాజవ్వ తల అడ్డంగా ఊపింది. "తొమ్మిదికి నాకు ఎట్ల ఎల్తది? వంట చేసుకోవాలె. పదికి వస్త."

పక్కనే నిలబడి వింటున్న ఓదెలు, ఆమె కర్రను చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించి తాపీ నదికి నిండుగా దండం పెట్టాడు.